కిక్కు వెనక కథ: ఉత్తేజ కాంక్ష, మద్యం, మెదడు, జన్యువులు

కొత్త అనుభవం కోసం, ఒళ్లు గగుర్పొడిచే క్షణం కోసం, దెబ్బ తగలొచ్చని తెలిసీ ముందుకు దూకే స్వభావాన్ని మనస్తత్వ శాస్త్రం ఉత్తేజ కాంక్షగా గుర్తిస్తుంది. ఇది రోగం కాదు, దుర్గుణం అంతకన్నా కాదు. కొండలెక్కేవాళ్లలో, పారాచూట్ కట్టుకుని దూకేవాళ్లలో, మంటల్లోకి వెళ్లి మనుషుల్ని బయటికి తెచ్చే అగ్నిమాపక సిబ్బందిలో దీని పాలు ఎక్కువ. ఖాళీ రోడ్డు మీద బైకు హ్యాండిల్ వదిలేసి చేతులు చాచే కుర్రాడిలో ఉన్నదీ ఇదే. ఆ క్షణంలో కలిగేదాన్ని తెలుగువాళ్లు ‘కిక్కు’ అంటారు. మందు తలకెక్కినప్పుడు అనేదీ అదే మాట. వాడుక భాష ఒకే మాటతో కట్టేసిన ఈ రెండింటికీ శరీరం లోపల నిజంగా ముడి ఉందా, ఉంటే ఎంత గట్టిది అన్న ప్రశ్న మీద 60 ఏళ్లుగా పరిశోధన సాగుతోంది.

ఈ స్వభావానికి కొలబద్ద ఏమీ జరగని గదిలో పుట్టింది. 1950ల మొదట్లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ బృందం కాలేజీ విద్యార్థులకు రోజుకు 20 డాలర్లిచ్చి ఒక చిన్న గదిలో పడుకోబెట్టింది. కళ్లకు వెలుతురు తప్ప ఆకారం కనిపించని అద్దాలు, చేతులకు తొడుగులు, మోచేతుల నుంచి వేళ్ల చివర దాకా అట్టముక్కలు. వినిపించేది యంత్రం హోరు ఒక్కటే. చేయాల్సిన పని లేదు, తిండికి లోటు లేదు. అయినా రెండు మూడు రోజులకు మించి ఉండగలిగినవాళ్లు తక్కువ. కొందరికి లేని బొమ్మలు కనిపించాయి. ఇలాంటి ప్రయోగాలే అమెరికాలో చేసిన మార్విన్ జుకర్‌మన్ మరో సంగతి గమనించాడు. ఈ విసుగు పుట్టించే పనికి తమంతట తామే ముందుకొచ్చేవాళ్లలో చాలామంది కొత్త అనుభవాల కోసం తహతహలాడేవాళ్లే. వింత దృశ్యాలు కనిపిస్తాయన్న ఆశతో వచ్చి, గదిలో పడుకున్నాక అందరికంటే ముందు అసహనపడేదీ వాళ్లే. ఎంత ఉత్తేజం ఉంటే మనసుకు హాయి అన్నది మనిషి మనిషికీ మారుతుందన్న ఆలోచనతో ఆయన 1964లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. 1978 నాటికి అది 40 జతల వాక్యాలుగా స్థిరపడింది. ప్రతి జతలో తనకు నప్పేదాన్ని మనిషి ఎంచుకోవాలి.

ఆ 40 జతలూ నాలుగు పాయలు. సాహసం మీద మోజు ఒకటి. కొత్త ఊళ్లు, కొత్త రుచులు, కొత్త మనుషుల మీద ఆసక్తి మరొకటి. కట్టుబాట్లు వదిలేసి విచ్చలవిడిగా గడపాలన్న కోరిక మూడోది. విసుగును భరించలేకపోవడం నాలుగోది. మద్యంతో సంబంధం చూసినప్పుడు ఈ నాలుగూ సమానంగా రావు. తాగుడుతో అన్నిటికంటే గట్టిగా కలిసేది మూడోది. కొండలెక్కే మోజుకు తాగుడుతో ఉన్న బంధం పలచన. సాహసవంతులైన పిల్లలంతా తాగుబోతులవుతారన్న భయానికి ఇక్కడే ఆధారం జారిపోతుంది. ఇంకో తేడా కూడా ముఖ్యం. ఉత్తేజ కాంక్ష వేరు, దుడుకుతనం వేరు. మొదటిదాంట్లో మనిషి ముప్పు చూసి, లెక్క వేసుకుని, ఆ థ్రిల్ కావాలనుకుంటాడు. రెండోదాంట్లో కోపంలోనో దుఃఖంలోనో వెనకాముందూ చూడకుండా చేయి ముందుకు పోతుంది. ఎంత తరచుగా, ఎంత ఎక్కువ తాగుతారన్నది మొదటిదాంతో ముడిపడుతుంది. తాగుడు వల్ల ఉద్యోగం పోవడం, ఇంట్లో గొడవలు, మానలేకపోవడం లాంటివి రెండోదాంతో ఎక్కువగా ముడిపడతాయి. ఈ తేడా జన్యువుల దగ్గర మళ్లీ కనిపిస్తుంది.

పిల్లల్లోనే ఈ దారి కనిపిస్తుందనడానికి బలమైన సాక్ష్యం స్వీడన్ నుంచి వచ్చింది. అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ క్లోనింజర్, స్వీడన్ పరిశోధకులు మైకేల్ బోమన్, సోరెన్ సిగ్‌వర్డ్‌సన్ కలిసి 11 ఏళ్ల పిల్లలు 431 మంది స్వభావాలను వాళ్ల టీచర్లు చెప్పినదాన్ని బట్టి అంచనా వేసి, అదే పిల్లలు 27 ఏళ్లకు వచ్చాక మద్యంతో ఏ స్థితిలో ఉన్నారో చూశారు. 1988లో ఫలితాలు వచ్చాయి. కొత్తదనం మీద ఆరాటం ఎక్కువగా, దెబ్బ తగులుతుందన్న జంకు తక్కువగా ఉన్న మగపిల్లలే చిన్న వయసులో తాగుడులో చిక్కుకున్నారు. ఈ రెండు లక్షణాలను బట్టే ముప్పు 4 శాతం నుంచి 75 శాతం దాకా మారింది. అంతకుముందు 1981లో, చిన్నతనంలోనే దత్తత వెళ్లిన స్వీడన్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో క్లోనింజర్ తాగుడును రెండు రకాలుగా విడదీశాడు. ఆందోళన, భయం మనసులో ఉన్నవాళ్లు కాస్త ముదిరిన వయసులో, పరిసరాల ఒత్తిడితో పడే తాగుడు ఒకటి. యవ్వనం మొదట్లోనే, గొడవలతో కలిసి, ఎక్కువగా తండ్రి నుంచి కొడుక్కి దిగే తాగుడు రెండోది. పెంచిన ఇల్లు మంచిదైనా ఈ రెండో రకంలో కన్నతండ్రి ప్రభావం కనబడింది. నిజ జీవితంలో మనుషులు ఇంత శుభ్రంగా రెండు గదుల్లో సర్దుకోరు. అయినా తాగుడుకు ఒకే తలుపు లేదన్న మాట అప్పటి నుంచి నిలబడింది.

దత్తత పిల్లల తర్వాత కవలలు. ఏకరూప కవలలకు జన్యువులన్నీ ఒకటే. భిన్నరూప కవలలకు మామూలు తోబుట్టువుల్లా సగటున సగం కలుస్తాయి. మొదటి రకం జంటల మధ్య పోలిక రెండో రకం కంటే ఎంత ఎక్కువుంటే జన్యువుల వాటా అంత ఎక్కువ. డేవిడ్ ఫుల్కర్, హాన్స్ ఐసెంక్, జుకర్‌మన్ 1980లో 422 కవల జంటలను పరిశీలించి ఉత్తేజ కాంక్షలో ఈ వాటా 58 శాతమని లెక్కగట్టారు. వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలల మీద తర్వాత వచ్చిన లెక్కలూ ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి. మద్య వ్యసనానికి ఈ వాటా సుమారు 50 శాతమని 2015లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు తేలింది.

ఈ శాతాలను జనం తరచు తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒక మనిషి తాగుడులో సగం జన్యువులు, సగం స్నేహితులు అని కాదు. ఒక జనాభాలో ఒకరికీ ఇంకొకరికీ మధ్య కనిపించే తేడాలలో ఎంత భాగం జన్యువుల తేడాలతో కలిసి వస్తోందన్నదే ఆ లెక్క. జనాభా మారితే, కాలం మారితే ఆ అంకె కూడా మారుతుంది. తాగే తండ్రి కొడుకును చూసి ‘రక్తంలోనే ఉంది’ అనేసే ఊరి మాటకు ఈ అంకెలు సాక్ష్యం చెప్పవు. ఆ మాట పడ్డ పిల్లవాడి మీద దాని బరువు ఎంతో తెలిసినవాళ్లకు ఈ తేడా చిన్నదిగా అనిపించదు.

వారసత్వం ఉందని తేలాక ఏ జన్యువు అన్న వేట మొదలైంది. 1990లో కెన్నెత్ బ్లమ్, ఎర్నెస్ట్ నోబుల్ బృందం డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే గ్రాహకాల్లో రెండో రకం జన్యువు దగ్గర ఉన్న ఒక రూపం తాగుడు రోగుల్లో ఎక్కువుందని ప్రకటించింది. పత్రికలు తాగుడు జన్యువు దొరికిందని రాశాయి. అదే ఏడాది చివర మరో బృందం వెతికితే ఆ సంబంధం కనిపించలేదు. 2004లో తెలిసిందేమిటంటే ఆ రూపం ఆ జన్యువులో కాదు, పక్కనున్న వేరే జన్యువులో ఉంది. 1996లో ఇజ్రాయెల్, అమెరికా బృందాలు రెండు ఒకేసారి డోపమైన్ నాలుగో రకం గ్రాహకం గురించి రాశాయి. ఆ జన్యువులో 48 డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. కొందరిలో నాలుగుసార్లు, కొందరిలో ఏడుసార్లు. పొడవు రూపం ఉన్నవాళ్లలో కొత్తదనం ఆరాటం ఎక్కువని వాళ్లు చెప్పారు. తర్వాత చాలా అధ్యయనాలను కలిపి చూస్తే ఆ ప్రభావం దాదాపు కరిగిపోయింది. కొన్ని వందల మందిని చూసి ఒక జన్యువు మీద స్వభావమంతా మోపడం ఆ కాలం చేసిన పెద్ద పొరపాటు.

తర్వాత పద్ధతి మారింది. ముందే ఒక జన్యువును అనుమానించకుండా, లక్షలమంది జన్యుపటాలను మొదటి నుంచి చివర దాకా జల్లెడ పట్టడం మొదలైంది. 2019లో 10 లక్షలకు పైగా మనుషుల సమాచారంతో రిచర్డ్ కార్ల్‌సన్ లినర్ బృందం ముప్పుకు సిద్ధపడే స్వభావంతో సంబంధమున్న 99 చోట్లను గుర్తించింది. వాటిలో చాలావాటికి మద్యం, పొగ, వేగంగా బండి నడపడం లాంటి అలవాట్లతోనూ జన్యు సంబంధం కనిపించింది. అంటే వాడుక భాష ఊహించిన ముడి నిజంగానే ఉంది. అయితే అది ఒక్క తాడు కాదు, వందల సన్నపోగులు. ఒక్కో పోగు బలం ఎంత తక్కువంటే, వాటన్నిటినీ కలిపి కట్టిన జన్యు సూచిక కూడా ముప్పు స్వభావంలో మనుషుల మధ్య తేడాలో 1.6 శాతాన్ని మించి వివరించలేకపోయింది. ఒక బిడ్డ జన్యుపటం చూసి రేపు తాగుతాడో లేదో చెప్పడం ఇంత చిన్న అంకెతో కుదరదు.

ఆ అధ్యయనంలో అంతకంటే ఆశ్చర్యమైన సంగతి ఒకటుంది. అంతకుముందు అందరూ అనుమానించిన డోపమైన్, సెరటోనిన్ రసాయనాల జన్యువులకు ప్రత్యేక ప్రాధాన్యం కనిపించలేదు. కనిపించింది గాబా, గ్లుటమేట్ అనే రెండు రసాయనాల మార్గాలు. మెదడులో గాబా బ్రేకు లాంటిది, గ్లుటమేట్ యాక్సిలరేటర్ లాంటిది. సరిగ్గా ఈ రెండింటి మీదే మద్యం పనిచేస్తుంది. గాబా పట్టు పెంచుతుంది, గ్లుటమేట్ గ్రాహకాల్లో ఒక రకాన్ని అడ్డుకుంటుంది. మాట తడబడటం, నడక తూలడం, చెప్పకూడనిది చెప్పేయడం అందువల్లే. మూడో క్రోమోజోము మీదున్న క్యాడ్‌ఎమ్2 అనే జన్యువు ముప్పు స్వభావంలోనూ, 2017లో బ్రిటన్‌లో 1,12,117 మందిని చూసినప్పుడు మద్యం పరిమాణంలోనూ తేలింది. మెదడు కణాలు ఒకదానితో ఒకటి అతుక్కుని సంధులు కట్టుకోవడానికి అది తోడ్పడుతుంది.

స్వభావంతో పని లేకుండా నేరుగా మద్యాన్ని అరిగించే జన్యువులు వేరే ఉన్నాయి. మద్యం కాలేయంలో ముందు ఎసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఎసిటేట్‌గా మారుతుంది. తూర్పు ఆసియాలో చాలామందికి రెండో మెట్టు ఎంజైము సరిగా పనిచేయని రూపం ఉంటుంది. వాళ్లు కాస్త తాగితే చాలు, ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వికారం పుడుతుంది. భారతదేశంలో ఈ రూపం అరుదు. జపాన్‌లో ఇది పెద్ద రక్షణ. అయినా 1994లో వచ్చిన ఒక లెక్క ఆ రక్షణ ఎంత దూరం నిలబడుతుందో చూపించింది. జపాన్ మద్య రోగుల్లో ఆ రూపం ఒక ప్రతిగా ఉన్నవాళ్లు 1979లో 2.5 శాతం, 1986లో 8 శాతం, 1992లో 13 శాతం. పదమూడేళ్లలో ఒక జాతి జన్యువులు మారవు. మారింది ఆఫీసు అయ్యాక తాగే అలవాటు, సమాజం తాగుడును చూసే తీరు.

మెదడు లోపలికి వెళితే కథ మరింత చిక్కనవుతుంది. మద్యం ఎండార్ఫిన్లను విడుదల చేసి, వాటి ద్వారా మెదడు లోతుల్లోని స్ట్రయేటం అడుగు భాగంలో డోపమైన్ పెంచుతుంది. డోపమైన్‌ను సుఖ రసాయనం అని పిలవడం వాడుకైపోయింది గానీ అది సరికాదు. ‘ఇది ముఖ్యం, దీని వెంట పడు’ అని మెదడుకు చెప్పే సంకేతం అది. అనుకున్నదానికంటే ఎక్కువ దక్కినప్పుడు ఎగసిపడుతుంది, అనుకున్నది దక్కకపోతే పడిపోతుంది. 2003లో మెగిల్‌లో ఇసబెల్ బొయిలో బృందం ఆరుగురు ఆరోగ్యవంతులైన మగవాళ్లకు నారింజ రసంలో మద్యం కలిపి ఇచ్చి పెట్ స్కాన్ తీసింది. స్ట్రయేటం అడుగున డోపమైన్ విడుదలైంది. గుండె వేగం ఎక్కువ పెరిగినవాళ్లలో, స్వభావంలో దుడుకు ఎక్కువున్నవాళ్లలో అది ఎక్కువ. ఆరుగురు చాలా తక్కువ మందే. అయినా గ్లాసు అదే, పరిమాణం అదే, ‘కిక్కు’ మాత్రం ఒకరికొకరికి వేరన్న అనుభవానికి మొదటిసారి ఒక చిత్రం దొరికింది. డేవిడ్ జాల్డ్ బృందం 2008లో 34 మందిలో మరో ముక్క చూపించింది. డోపమైన్ కణాలకు తమ మీద తామే వేసుకునే బ్రేకు లాంటి గ్రాహకాలుంటాయి. కొత్తదనం ఆరాటం ఎక్కువున్నవాళ్లలో మధ్య మెదడులో ఈ బ్రేకులు తక్కువ. బ్రేకు తక్కువైతే కొత్తది కంటపడగానే వచ్చే డోపమైన్ పొంగు ఎక్కువ.

పొంగు ఒకవైపైతే దాన్ని అదుపు చేసే భాగం ఇంకోవైపు. నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఇరవైల నడుమ దాకా పక్వానికి రాదు. ఆశ రేపే స్ట్రయేటం అంతకంటే ముందే జోరందుకుంటుంది. ఉత్తేజ కాంక్ష టీనేజీ చివర్లో శిఖరానికి చేరి, తర్వాత వయసుతో తగ్గుతూ పోవడానికి ఈ ఎడం ఒక కారణం. మొదటి గ్లాసు ముట్టుకునే వయసూ సాధారణంగా అదే కావడం ఈ సమస్యలో అసలు కష్టం.

యూరప్‌లో 14 ఏళ్ల పిల్లలు సుమారు 2,000 మందితో మొదలైన ‘ఇమాజెన్’ అధ్యయనం ఈ వయసును దగ్గర నుంచి చూసింది. పిల్లవాడిని ఎమ్మారై యంత్రంలో పడుకోబెడతారు. తెర మీద ఒక గుర్తు వస్తుంది. ఈసారి గెలిస్తే ఎన్ని పాయింట్లో దాన్ని బట్టి తెలుస్తుంది. కొన్ని సెకన్ల నిరీక్షణ. తర్వాత రెప్పపాటు కాలం ఒక తెల్ల చతురస్రం మెరుస్తుంది. అది మాయమయ్యేలోపు బటన్ నొక్కితే పాయింట్లు. చివర్లో పాయింట్లకు చాక్లెట్ మిఠాయిలు ఇస్తారు. పరిశోధకులకు కావలసింది గెలుపు ఓటములు కాదు, చతురస్రం మెరిసే ముందు ఆ కొద్ది సెకన్లు. ఆశపడుతున్న మెదడులో స్ట్రయేటం ఎంత వెలుగుతుందన్నది అక్కడే కనిపిస్తుంది. ఇలా 663 మంది మగపిల్లలను చూసిన 2012 పరిశోధనలో రాస్‌జీఆర్‌ఎఫ్2 అనే జన్యువు రూపాన్ని బట్టి ఆ వెలుగు మారింది. అదే పిల్లలు 16 ఏళ్లకు ఎన్నిసార్లు తాగారన్నదానితోనూ ఆ జన్యువుకు సంబంధం కనిపించింది. ఆ జన్యువు తీసేసిన ఎలుకలు మద్యం తక్కువ తాగాయి. డోపమైన్ గ్రాహకాల పాత కథ గుర్తున్నవాళ్లు దీన్ని కూడా ఒక ఆనవాలుగానే చూడాలి, తీర్పుగా కాదు. రాబర్ట్ వీలన్ బృందం 2014లో అదే అధ్యయనం నుంచి స్వభావం, జీవిత సంఘటనలు, మెదడు చిత్రాలు అన్నిటినీ కలిపి, 14 ఏళ్ల పిల్లల్లో ఎవరు 16 ఏళ్లకు ఒకేసారి కూర్చుని అతిగా తాగుతారో 70 శాతం వరకు సరిగా చెప్పింది. ఏ ఒక్క అంశమూ విడిగా అంత చెప్పలేకపోయింది. పద్నాలుగేళ్లలోపే ఒకటి రెండుసార్లు రుచి చూసి ఉండటం ఆ లెక్కలో బలమైన సూచికల్లో ఒకటి.

ఇంతవరకు చెప్పినది తాగుడు మొదలయ్యే దారి. కట్టిపడేసే దారి వేరు. ఫ్రాన్స్‌లో పియర్ విన్సెంజో పియాజా బృందం 1989లో కొత్త చోట వదిలితే చురుగ్గా అటూ ఇటూ తిరిగే ఎలుకలు మత్తుమందును త్వరగా అలవాటు చేసుకుంటాయని చూపించింది. 2008లో డేవిడ్ బెలిన్ బృందం కొకైన్‌తో ఇంకాస్త లోతుకు వెళ్లింది. కొత్త చోట చురుగ్గా తిరిగే ఎలుకలు మందు త్వరగా మొదలుపెట్టాయి. పాదాలకు షాకు తగిలినా మానకుండా దాని వెంట పడినవి మాత్రం ఆగలేని దుడుకు ఎలుకలు. కొకైన్ మద్యం కాదు, ఎలుక మనిషి కాదు. కానీ మనుషుల జన్యువుల్లోనూ ఇలాంటి చీలికే కనిపిస్తోంది. 2019లో హెన్రీ క్రాంజ్లర్ బృందం అమెరికా మాజీ సైనికులు 2,74,424 మందిని పరిశీలించి, ఎంత తాగుతారన్నదానికీ వ్యసనంలో పడతారా అన్నదానికీ జన్యువులు కొంతవరకే కలుస్తాయని చెప్పింది. వ్యసనం జన్యువులు కుంగుబాటు లాంటి మానసిక బాధల వైపు ఒరిగాయి. ఎక్కువ తాగడం జన్యువులు అటు ఒరగలేదు.

తాగే తండ్రుల పిల్లల మీద చేసిన పరిశోధనలు ఈ రెండు దారుల మధ్య నిలుస్తాయి. 1984లో హెన్రీ బెగ్లైటర్ 7 నుంచి 13 ఏళ్ల అబ్బాయిల తలలకు ఈఈజీ తీగలు అమర్చాడు. వాళ్లు ఒక్క చుక్క ముట్టలేదు, వాళ్ల తండ్రులు మద్య రోగులు. ఊహించని సంకేతం ఎదురైనప్పుడు సెకనులో మూడో వంతు దగ్గర మెదడులో లేచే పీ300 అనే అల వాళ్లలో చిన్నదిగా ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో వివేక్ బెనెగల్, సంజీవ్ జైన్ బృందం 1995లో భారతీయ కుటుంబాల్లో ఇదే చూసింది. కుటుంబంలో మద్య రోగులు ఎంత ఎక్కువుంటే అల అంత చిన్నది. ఈ పిల్లల్లో ఉన్నది తాగుడు మీద కోరిక కాదు. తనను తాను నిలువరించుకునే మెదడు యంత్రాంగం నెమ్మదిగా ఎదగడం.

శాన్ డియేగోలో మార్క్ షుకిట్ 1978 నుంచి మరో కోణం పట్టుకున్నాడు. 453 మంది యువకులకు లెక్కప్రకారం మద్యం ఇచ్చి, వాళ్లకు ఎంత మత్తెక్కినట్టు అనిపిస్తోందో, నిలబడ్డప్పుడు శరీరం ఎంత ఊగుతోందో కొలిచాడు. తండ్రి మద్య రోగి అయిన కొడుకుల్లో మద్యం పెద్దగా ఎక్కనివాళ్లలో 56 శాతం, బాగా ఎక్కేవాళ్లలో 14 శాతం పదేళ్లలోపు వ్యసనంలో పడ్డారు. ‘వాడికి ఎంత తాగినా ఎక్కదు’ అని స్నేహితులు మెచ్చుకునే లక్షణమే అసలు ప్రమాద సూచిక. ఈ లక్షణానికీ ఉత్తేజ కాంక్షకూ పెద్దగా చుట్టరికం లేదు. ఒకే ముప్పుకు రెండు వేర్వేరు దారులు.

జన్యువులకు పరిసరాలు ఎంత జాగా ఇస్తాయన్నది ఫిన్లాండ్ కవలలు చెప్పారు. డానియెల్ డిక్, రిచర్డ్ రోజ్ 2001లో చూపించినదాన్ని బట్టి, కొత్తవాళ్లు వచ్చిపోతూ, మద్యం ఎక్కువ అమ్ముడయ్యే పట్టణాల్లో టీనేజీ తాగుడులో జన్యువుల పాత్ర పెద్దది. ఒకరినొకరు ఎరిగిన పల్లెల్లో అది చిన్నది. స్వభావానికి దారి తెరిచేదీ మూసేదీ ఊరే. తెలుగు నేల ఇందుకు మంచి ఉదాహరణ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం, దేశంలో 19 శాతం. ఒకే భాష, ఎన్నో కులాలు, కుటుంబాలు రెండు వైపులా ఉన్న రెండు రాష్ట్రాల మధ్య ఈ తేడాను జన్యువుల మీద వేయలేం. కల్లు సంప్రదాయం, దుకాణాల తీరు, పండగా చావూ అనకుండా మందు పోసే ఆచారం లాంటివి చూడాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్లు లేపిన ఉద్యమం తర్వాత 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మద్య నిషేధం. 1997లో అది సడలింది. ఈ అయిదేళ్లలో ఎవరి స్వభావమూ మారలేదు, మారింది సీసా ఎంత దగ్గరగా ఉందన్నదే.

ఈ ప్రశ్నలను భారతీయ పిల్లల్లో నేరుగా అడిగే అధ్యయనం ఇప్పుడుంది. ఇమాజెన్‌ను నడిపిన గుంటర్ షూమన్, నిమ్హాన్స్ వివేక్ బెనెగల్ కలిసి నడిపిన ‘సీవేదా’ 6 నుంచి 23 ఏళ్ల వాళ్లు సుమారు 9,000 మందిని దేశంలో ఏడు చోట్ల నుంచి తీసుకుంది. ఆ ఏడింటిలో ఒకటి మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పల్లెలు. యూరప్ నగర పిల్లల్లో కనిపించినది పల్లెల్లో, పోషకాహార లోపం, సీసం, ఆర్సెనిక్ లాంటి వేరే ఒత్తిళ్ల మధ్య పెరిగే పిల్లలకు ఎంతవరకు వర్తిస్తుందో చూడటం దాని పని.

స్వభావాన్ని తెలుసుకుంటే దాన్ని తిట్టకుండా సాయం చేసే మార్గం ఒకటి ఇప్పటికే ఉంది. ప్యాట్రీషియా కాన్‌రాడ్ రూపొందించిన ‘ప్రివెంచర్’ కార్యక్రమంలో 13, 14 ఏళ్ల పిల్లలను స్వభావాన్ని బట్టి నాలుగు జట్లుగా చూస్తారు: ఉత్తేజ కాంక్ష, దుడుకు, ఆందోళన, నిరాశ. ప్రతి జట్టుకు 90 నిమిషాల తరగతులు రెండే. వాటిలో మద్యం గురించి నీతులు తక్కువ. ఉత్తేజ కాంక్ష జట్టు విసుగు గురించి మాట్లాడుకుంటుంది. విసుగు ఎక్కినప్పుడు ఒంట్లో ఏమవుతుంది, వెంటనే ఏం చేయాలనిపిస్తుంది, ఆ తొందర వెనక ఏ ఆలోచన ఉంది, అదే థ్రిల్ ఇంకెక్కడ దొరుకుతుంది అని. లండన్ పాఠశాలల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చి నడిపినప్పుడు ఈ పిల్లల్లో తాగుడు, అతి తాగుడు తగ్గాయి, ఆ ప్రభావం రెండేళ్లు నిలిచింది. అవే పాఠశాలల్లో, ఏ జట్టులోకీ పిలవని పిల్లల్లో కూడా తాగుడు కొంత తగ్గింది.